రూ. 500కే 1టీబీ పెన్‌డ్రైవ్? డేటా కాపీ చేసే ముందు ఈ ఒక్క టెస్ట్ చేయండి

షాపింగ్ యాప్ ఓపెన్ చేయగానే "1టీబీ పెన్‌డ్రైవ్, ఈరోజు మాత్రమే" అని ఆఫర్ కనిపించడం మనందరికీ అలవాటే. ఐదొందలే కదా, పోతే పోయింది అనుకుని ఆర్డర్ పెట్టేస్తాం. కానీ ఇక్కడ పోయేది ఐదొందలు కాదు. అదేంటో చెప్పడానికి ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. ఎందుకంటే ఈ తప్పు చేసింది బీటెక్ చదివి, సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్న నేనే.

మా అమ్మమ్మకి ఎనభై ఏళ్లు నిండినప్పుడు ఇంట్లో చిన్న ఫంక్షన్ చేశాం. వీడియోలు, ఫొటోలు అన్నీ మావయ్య ఫోన్‌లోనే తీశాం. ఫోన్ నిండిపోయి, "ఒరేయ్, స్టోరేజ్ ఫుల్ అంటోంది, ఏదో ఒకటి చేసిపెట్టు" అని మావయ్య అడిగాడు. నేను ఒక ఆన్‌లైన్ సైట్‌లో చవగ్గా దొరికిన 1టీబీ పెన్‌డ్రైవ్ తెప్పించాను. మొత్తం 112 జీబీ. కాపీ అవడానికి దాదాపు నాలుగు గంటలు పట్టింది. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. మొదటి రెండు ఫొటోలు ఓపెన్ చేసి చూశాను, బాగానే ఉన్నాయి. నా చేత్తోనే ఫోన్‌లో ఉన్నవన్నీ డిలీట్ చేశాను.

ఆ తర్వాత కొన్ని నెలలకి అమ్మమ్మ పోయింది. పదకొండో రోజుకి పెద్ద ఫొటో ఫ్రేమ్ కట్టిద్దామని మావయ్య ఆ పెన్‌డ్రైవ్ తీశాడు. పొద్దున తీసినవి ఓపెన్ అయ్యాయి. మధ్యాహ్నం నుంచి ఒక్కటి కూడా ఓపెన్ కాలేదు. ఫైల్ పేరు ఉంది, సైజు ఉంది, లోపల ఏమీ లేదు. సాయంత్రం అమ్మమ్మ మనవరాళ్లందరినీ కూర్చోబెట్టుకుని పాడిన మంగళహారతి కూడా ఆ పోయిన వాటిలోనే ఉంది.

తర్వాత టెస్ట్ చేస్తే తెలిసింది, అది 1టీబీ డ్రైవ్ కాదు. లోపల ఉన్నది 32 జీబీ చిప్. ఆ టెస్ట్ నేను మొదటి రోజే చేసి ఉండాల్సింది. అసలు ఈ మోసం ఎలా పనిచేస్తుందో, దాన్ని ఎలా పట్టుకోవాలో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

డ్రైవ్ కెపాసిటీ ఎంతో కంప్యూటర్‌కి ఎవరు చెప్తారు?

పెన్‌డ్రైవ్ గానీ మెమరీ కార్డ్ గానీ, లోపల ముఖ్యంగా రెండు భాగాలు ఉంటాయి. ఒకటి నాండ్ ఫ్లాష్ మెమరీ. డేటా నిజంగా ఉండేది ఇందులోనే. ఫ్లాష్ మెమరీని కనిపెట్టింది జపాన్‌లో తోషిబా కంపెనీలో పనిచేసిన ఫుజియో మసుయోకా. ఇప్పుడు మన ఫోన్లు, ఎస్‌ఎస్‌డీలు, మెమరీ కార్డులు అన్నీ ఆ ఐడియా మీదే నడుస్తున్నాయి. రెండోది కంట్రోలర్. కంప్యూటర్ నేరుగా ఫ్లాష్ మెమరీతో మాట్లాడదు, కంట్రోలర్‌తోనే మాట్లాడుతుంది.

డ్రైవ్ గుచ్చగానే కంప్యూటర్ అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి "నీ కెపాసిటీ ఎంత?" అని. కంట్రోలర్ ఏ నంబర్ చెప్తే కంప్యూటర్ దాన్నే నమ్ముతుంది. లోపలికి వెళ్లి లెక్కపెట్టి చూసుకోదు. మోసం మొత్తం ఇక్కడే ఉంది. కంట్రోలర్‌లో ఉండే ఫర్మ్‌వేర్‌ని మార్చేసి, లోపల 32 జీబీ చిప్ పెట్టి, "నేను 1టీబీ" అని చెప్పిస్తారు. విండోస్ ప్రాపర్టీస్‌లో కూడా అదే కనిపిస్తుంది. కాబట్టి "నా ల్యాప్‌టాప్‌లో 1టీబీ అనే చూపిస్తోంది బ్రో" అన్నది ప్రూఫ్ కాదు. అది దొంగ చెప్పిన మాటనే మళ్లీ మనకి చెప్పడం.

32 సీట్ల హాల్‌కి 1000 టికెట్లు

సింపుల్‌గా చెప్పాలంటే, 32 సీట్లున్న థియేటర్‌కి 1000 టికెట్లు అమ్మినట్టు అన్నమాట. మొదటి 32 మంది హాయిగా కూర్చుంటారు. గొడవ 33వ మనిషి వచ్చినప్పుడు మొదలవుతుంది. ఫేక్ డ్రైవ్‌లు ఇక్కడ సాధారణంగా రెండు రకాలుగా ప్రవర్తిస్తాయి.

మొదటి రకం: 33వ మనిషిని లోపలికి తీసుకున్నట్టే తీసుకుని, వెనక గేటు నుంచి బయటికి పంపేస్తుంది. అంటే కంప్యూటర్ రాయమన్న డేటాని పారేసి, "రాసేశాను" అని జవాబిస్తుంది. ఇందులో మొదట కాపీ చేసినవి మిగులుతాయి, తర్వాతవి పోతాయి. మా ఇంట్లో జరిగింది ఇదే. ఫోన్ కెమెరా ఫైల్ పేర్లలో తేదీ, టైమ్ ఉంటాయి కదా, ఆ వరసలోనే కాపీ అయ్యాయి. అందుకే పొద్దున తీసినవి మిగిలాయి, సాయంత్రం తీసినవి పోయాయి.

రెండో రకం: 33వ మనిషికి మళ్లీ ఒకటో సీటే ఇస్తుంది. అందులో ముందే కూర్చున్న మనిషి లేచిపోవాలి. అంటే కొత్త డేటా వెళ్లి పాత డేటా మీద పడుతుంది. ఇందులో మొదట కాపీ చేసినవి పాడవుతాయి. డ్రైవ్ మొదట్లో ఉండే ఫైల్ టేబుల్ మీద పడితే ఏకంగా "ఈ డ్రైవ్‌ని ఫార్మాట్ చేయండి" అని మెసేజ్ వస్తుంది.

కాపీ చేసేటప్పుడే ఎర్రర్ ఎందుకు రాదు?

చాలామందికి వచ్చే డౌట్ ఇది. దీనికి మూడు కారణాలు ఉన్నాయి.

ఒకటి, మామూలుగా కాపీ చేసేటప్పుడు కంప్యూటర్ రాయడమే తప్ప, రాసినదాన్ని మళ్లీ చదివి సరిచూడదు. డ్రైవ్ "ఓకే" అంటే ముందుకెళ్లిపోతుంది.

రెండు, ఫైల్ పేరు, సైజు, తేదీ ఉండేది ఫైల్ టేబుల్‌లో. అది పుస్తకంలో ఇండెక్స్ పేజీ లాంటిది. ఇండెక్స్ మొదట్లోనే ఉంటుంది కాబట్టి అది క్షేమంగా ఉంటుంది. లోపలి పేజీలు లేకపోయినా ఇండెక్స్‌లో పేర్లన్నీ కనిపిస్తాయి. అందుకే ఫోల్డర్ చూసి "అన్నీ వచ్చాయి" అనుకుంటాం.

మూడు, ఇప్పుడే కాపీ చేసిన ఫైల్‌ని వెంటనే ఓపెన్ చేస్తే, ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని ర్యామ్‌లో ఉన్న క్యాష్ నుంచి చూపించే అవకాశం ఉంది. డ్రైవ్‌లో లేకపోయినా ఫొటో ఓపెన్ అవుతుంది! కాబట్టి ఏది చెక్ చేయాలన్నా డ్రైవ్‌ని సేఫ్‌గా రిమూవ్ చేసి, మళ్లీ గుచ్చి, అప్పుడు చూడాలి.

ఇది మోసం కాదు, కంగారు పడకండి

64 జీబీ పెన్‌డ్రైవ్ కొంటే విండోస్‌లో 59.6 జీబీ చూపిస్తుంది. ఇది మోసం కాదు, లెక్కలో తేడా. కంపెనీలు 1 జీబీ అంటే 100 కోట్ల బైట్లు అని లెక్కేస్తాయి. విండోస్ మాత్రం 1024 × 1024 × 1024 బైట్లని, అంటే 107 కోట్ల పైచిలుకు బైట్లని, 1 జీబీగా చూపిస్తుంది. అందుకే ఒరిజినల్ డ్రైవ్‌లు ఇలా కనిపిస్తాయి:

- 32 జీబీ: దాదాపు 29.8
- 64 జీబీ: దాదాపు 59.6
- 128 జీబీ: దాదాపు 119.2
- 1టీబీ: దాదాపు 931

డ్రైవ్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. ఇంకో విషయం, 4 జీబీ దాటిన సినిమా ఫైల్ కాపీ కాకపోతే అది కూడా ఫేక్ అని కాదు. డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉందని అర్థం. ఆ ఫార్మాట్‌లో ఒక్క ఫైల్ 4 జీబీ కంటే పెద్దది ఉండకూడదు. ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేస్తే సరిపోతుంది. కాకపోతే ఫార్మాట్ చేస్తే లోపల ఉన్నవి పోతాయి, ముందు వేరే చోటికి కాపీ చేసుకోండి.

కొనే ముందు చూడాల్సినవి

1. అదే సైట్‌లో పేరున్న బ్రాండ్ 128 జీబీ డ్రైవ్ ధర చూడండి. మీరు కొందామనుకుంటున్న 1టీబీ దానికంటే చవగ్గా ఉంటే, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు, వదిలేయండి. ఎనిమిది రెట్ల మెమరీ తక్కువ ధరకి ఎవరూ ఇవ్వలేరు.

2. మెమరీ కార్డ్ మీద ఉన్న గుర్తు చూడండి. స్టాండర్డ్ ప్రకారం ఎస్‌డీహెచ్‌సీ కార్డులు 32 జీబీ వరకే. ఎస్‌డీఎక్స్‌సీ కార్డులు 2టీబీ వరకే. "256 జీబీ" అని రాసి పక్కన హెచ్‌సీ గుర్తు ఉన్నా, "8టీబీ" అని రాసి పక్కన ఎక్స్‌సీ గుర్తు ఉన్నా, ఆ కార్డ్ తన అబద్ధాన్ని తనే ఒప్పుకుంటున్నట్టు.

3. స్పీడ్ గుర్తులు కూడా చూడండి. యూ3 గానీ వీ30 గానీ ఉంటే వీడియో రికార్డింగ్‌కి సెకనుకి కనీసం 30 ఎంబీ రాసే స్పీడ్ ఉండాలి. క్లాస్ 10 అంటే కనీసం 10 ఎంబీ. 4కే వీడియో తీసేవాళ్లు వీ30 తీసుకోండి. అయితే ఈ గుర్తుల్ని ఫేక్ కార్డ్ మీద కూడా ప్రింట్ చేస్తారు. కాబట్టి గుర్తు లేకపోతే వద్దనుకోవచ్చు గానీ, ఉన్నంత మాత్రాన నమ్మకూడదు.

4. ఆన్‌లైన్‌లో బ్రాండ్ పేరుతో పాటు సెల్లర్ ఎవరో కూడా చూడండి. రివ్యూల్లో "డెలివరీ ఫాస్ట్, ప్యాకింగ్ సూపర్" అన్నవి మనకి పనికిరావు. రెండు మూడు నెలలు వాడి రాసినవి, తక్కువ స్టార్లు ఇచ్చినవి ముందు చదవండి.

ఎస్‌ఎస్‌డీ కూడా దీనికి మినహాయింపు కాదు. 2022లో ఒక సెక్యూరిటీ రీసెర్చర్ 30టీబీ ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ అని అమ్ముతున్నదాన్ని కొని విప్పి చూపించారు. లోపల ఉన్నది గమ్‌తో అతికించిన రెండు మైక్రోఎస్‌డీ కార్డులు!

కొన్నాక చేయాల్సిన టెస్ట్

టెస్ట్ వెనక ఐడియా చాలా సింపుల్. డ్రైవ్ మొత్తం నిండేదాకా డేటా రాయాలి. ఆ తర్వాత మొత్తం చదివి, రాసిందే ఉందా అని సరిచూడాలి. ప్రతి చోటా వేరే వేరే డేటా రాయడం ముఖ్యం. థియేటర్‌లో ప్రతి మనిషికీ వేరే నంబర్ ఉంటేనే కదా, ఒకటో సీట్లో 33వ మనిషి కూర్చున్నాడని తెలిసేది!

అందుకే విండోస్‌లో ఫుల్ ఫార్మాట్ చేసి "ఎర్రర్ రాలేదు" అని సంబరపడకండి. ఫుల్ ఫార్మాట్ అన్ని చోట్లా సున్నాలే రాస్తుంది. డేటా ఒకదాని మీద ఒకటి పడినా చివరికి కనిపించేది సున్నాలే, తేడా తెలియదు.

విండోస్ వాడేవాళ్లకి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఫ్రీ టూల్ ఉంది. ఇది జర్మనీకి చెందిన సీటీ మ్యాగజైన్ వాళ్లది. ఇన్‌స్టాల్ అక్కర్లేదు. స్టెప్స్ ఇవి:

1. డ్రైవ్‌లో ఏమీ లేకుండా ఖాళీ చేసి గుచ్చండి.
2. టూల్ ఓపెన్ చేసి ఇంగ్లిష్ ఎంచుకోండి. తర్వాత సెలెక్ట్ టార్గెట్‌లో మీ డ్రైవ్‌ని ఎంచుకోండి. లెటర్ రెండుసార్లు చూసుకోండి.
3. 'ఆల్ అవైలబుల్ స్పేస్' పెట్టి 'రైట్ ప్లస్ వెరిఫై' నొక్కండి.
4. చివర్లో ఎర్రర్లు లేవని వస్తే పాస్. 'డేటా లాస్ట్' అని వస్తే ఫెయిల్. అసలు ఎంత బాగుందో, ఎంత పోయిందో కూడా అక్కడే చూపిస్తుంది.
5. టెస్ట్ అయ్యాక అది తయారు చేసిన ఫైల్స్ డిలీట్ చేయండి.

లినక్స్, మ్యాక్ వాడేవాళ్లకి ఎఫ్3 ఉంది. పూర్తి పేరు 'ఫైట్ ఫ్లాష్ ఫ్రాడ్'. ఎఫ్3రైట్ అనే కమాండ్ డ్రైవ్‌ని నింపుతుంది, ఎఫ్3రీడ్ సరిచూస్తుంది. రెండింటి మధ్యలో డ్రైవ్‌ని ఒకసారి తీసి మళ్లీ గుచ్చండి. కారణం పైన చెప్పాను కదా, క్యాష్.

అంత టైమ్ లేదా? విండోస్‌లో వ్యాలిడ్రైవ్ అని ఇంకో ఫ్రీ టూల్ ఉంది. ఇది డ్రైవ్ మొత్తం కాకుండా అక్కడక్కడా 576 చోట్ల రాసి, చదివి చూస్తుంది. త్వరగా అయిపోతుంది. ఫేక్‌ని పట్టుకోవడానికి ఇది చాలు. కానీ ముఖ్యమైన డేటా పెట్టబోతుంటే ఫుల్ టెస్టే చేయండి, అక్కడక్కడా పాడైన చోట్లు కూడా బయటపడతాయి.

టెస్ట్‌కి ఎంత టైమ్ పడుతుంది?

లెక్క మీరే వేసుకోవచ్చు. సైజుని స్పీడ్‌తో భాగిస్తే చాలు. 64 జీబీ డ్రైవ్ సెకనుకి 20 ఎంబీ రాస్తే 3200 సెకన్లు, అంటే 53 నిమిషాలు. 1టీబీ డ్రైవ్ సెకనుకి 100 ఎంబీ రాస్తే 10,000 సెకన్లు, అంటే 2 గంటల 47 నిమిషాలు. అదే 1టీబీ సెకనుకి 10 ఎంబీ చొప్పున రాస్తే దాదాపు 28 గంటలు! ఇది రాయడానికే, చదవడానికి పట్టేది వేరే. కాబట్టి రాత్రి పడుకునే ముందు పెట్టి, ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్టింగ్ మార్చండి.

ఈ లెక్కలోనే ఇంకో క్లూ ఉంది. నా పెన్‌డ్రైవ్ 112 జీబీకి నాలుగు గంటలు తీసుకుంది, అంటే సెకనుకి 8 ఎంబీ. బాక్స్ మీద మాత్రం యూఎస్‌బీ 3.0 అని ఉంది. ఆ రోజే అనుమానం రావాల్సింది.

ఫెయిల్ అయితే ఏం చేయాలి?

టెస్ట్ రిజల్ట్ స్క్రీన్‌షాట్ తీసుకోండి. రిటర్న్ గడువు లోపల వెనక్కి పంపండి. అందుకే డ్రైవ్ వచ్చిన రోజే టెస్ట్ చేయాలి. సెల్లర్ ఒప్పుకోకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేసి కంప్లైంట్ ఇవ్వొచ్చు. "32 జీబీ అయినా పనిచేస్తుంది కదా, అంత వరకే వాడుకుందాం" అనుకోవద్దు. కెపాసిటీ విషయంలో అబద్ధం చెప్పినవాడు లోపల మంచి చిప్ పెట్టి ఉంటాడని ఎలా నమ్ముతాం? పైగా పొరపాటున ఇంట్లో ఇంకెవరి చేతికైనా వెళ్తే వాళ్లు దాన్ని 1టీబీ అనే అనుకుంటారు.

ఇప్పటికే డేటా పెట్టేసి ఉంటే, ఆ డ్రైవ్‌లో ఇంకేమీ రాయకండి. విండోస్ ఫార్మాట్ అడిగినా, రిపేర్ అడిగినా ఒప్పుకోవద్దు. ఓపెన్ అవుతున్నవన్నీ ముందు వేరే చోటికి తీసుకోండి. తర్వాత ఫొటోరెక్ లాంటి ఫ్రీ రికవరీ టూల్ ప్రయత్నించొచ్చు. అయితే ఒకటి గుర్తుంచుకోండి. చిప్‌లో అసలు రాయనే రాయని డేటాని ఏ సాఫ్ట్‌వేరూ, ఏ సర్వీస్ సెంటరూ తిరిగి తేలేదు. నేను మూడు రాత్రులు కూర్చుని ప్రయత్నించాక ఒప్పుకున్న విషయం ఇది. ఒరిజినల్ ఫైల్స్ ఇంకా ఫోన్‌లో ఉన్నాయేమో చూడండి, రీసైకిల్ బిన్ కూడా చూడండి.

ఒరిజినల్ అయినా ఒక్క కాపీ సరిపోదు

టెస్ట్ పాస్ అయిన డ్రైవ్ కూడా శాశ్వతం కాదు. ఫ్లాష్ మెమరీలో డేటా అంటే చిన్న చిన్న సెల్స్‌లో బంధించిన ఎలక్ట్రాన్లు. టీఎల్‌సీ రకంలో ఒక్కో సెల్‌లో 3 బిట్లు పెట్టడానికి 8 స్థాయిలు, క్యూఎల్‌సీలో 4 బిట్లకి 16 స్థాయిలు గుర్తుపట్టాలి. ఏళ్ల తరబడి డ్రాలో పడేస్తే ఆ ఛార్జ్ నెమ్మదిగా తగ్గి తప్పులు వస్తాయి. పోగొట్టుకోవడం, నీళ్లలో పడటం, కనెక్టర్ విరగడం ఇవన్నీ ఎలాగూ ఉన్నాయి.

అందుకే 3-2-1 రూల్ పాటించండి. మొత్తం 3 కాపీలు, 2 రకాల చోట్ల, అందులో 1 ఇంటి బయట. ఉదాహరణకి ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో, ఒకటి క్లౌడ్‌లో. క్లౌడ్‌కి డబ్బులు ఎందుకు అనుకుంటే, రెండో హార్డ్ డిస్క్ కాపీ ఊళ్లో చుట్టాలింట్లో పెట్టినా సరిపోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఫోన్‌లో డిలీట్ నొక్కే ముందు డ్రైవ్‌ని తీసి మళ్లీ గుచ్చి, మొదటివి కాకుండా మధ్యలోవి, చివర్లోవి ఓపెన్ చేసి చూడండి. వీడియో అయితే చివరికి జరిపి ప్లే చేయండి. రెండు నిమిషాల పని.

మా ఇంట్లో చివరికి ఏమైందంటే, ఆ సాయంత్రం పిన్ని మంగళహారతి వీడియోలోంచి చిన్న ముక్క కట్ చేసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టింది. క్వాలిటీ బాగా తగ్గిపోయిన నలభై సెకన్ల క్లిప్. అమ్మమ్మ గొంతు మాత్రం స్పష్టంగా వినిపిస్తుంది. అది ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో, మావయ్య హార్డ్ డిస్క్‌లో, క్లౌడ్‌లో ఉంది. మూడూ ఓపెన్ చేసి చివరిదాకా విని చూశాను.

మీ ఇంట్లో కూడా "నువ్వు కంప్యూటర్ వాడివి కదా" అని ఫోన్ మీ చేతిలో పెట్టేవాళ్లు ఉంటారు. వాళ్లు డ్రైవ్‌ని నమ్మరు, మిమ్మల్ని నమ్ముతారు. ఈ రోజే మీ డ్రాలో ఉన్న పెన్‌డ్రైవ్‌లు, కార్డులు బయటికి తీయండి. లోపల ఉన్నవి వేరే చోటికి కాపీ చేసి, రాత్రికి ఒక్కొక్కటి టెస్ట్ పెట్టండి.